రెండో తరగతి పిల్లకి హోంవర్కు ఎవరి కోసం?

సాయంత్రం ఏడున్నరకి విజయవాడలో మా సత్యనారాయణపురంలో ఏ మేడ మెట్లెక్కినా దాదాపు ఒకటే సీను. కుక్కరు కూత పెడుతుంటుంది, వంటింటి గుమ్మం పక్కన చాప మీద ఆరేడేళ్ల పిల్లో పిల్లాడో ఫోర్ లైన్స్ నోట్‌బుక్ మీద వంగి ఉంటారు, గరిటె చేతిలో పట్టుకునే అమ్మ "ఆ జీ తోక కింది గీత దాకా రావాలి, చెరిపి మళ్లీ రాయి" అంటుంటుంది. మా ఇంట్లోనూ అంతే. మా పాప రెండో తరగతి, ప్రైవేటు స్కూలు. మొన్న నవంబరులో ఒకరోజు డైరీలో ఏముందంటే, ఇంగ్లీషు నాలుగో లెసన్ ప్రశ్నలూ జవాబులూ రెండుసార్లు, తెలుగు చూచిరాత ఒక పేజీ, పది లెక్కలు, ఆరో ఎక్కం రెండుసార్లు, హిందీ ఒక పేజీ, పైగా మర్నాడు ఈవీఎస్ స్లిప్ టెస్ట్. గంటా యాభై నిమిషాలు పట్టింది. అదీ పూర్తిగా కాదు, హిందీ దగ్గరికొచ్చేసరికి పిల్ల పెన్సిలు పట్టుకునే నిద్రపోయింది. మిగతా అరపేజీ నేనే ఎడమచేత్తో రాశాను, అక్షరాలు కాస్త వంకరగా వస్తే పాప రాసినట్టే ఉంటుందని. మర్నాడు దానికి స్టార్ పడింది.

ఆ స్టార్ చూసి నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. అసలు రెండో తరగతికి హోంవర్కు ఎంతుండాలో, ఉండాలని ఎవరు చెప్పారో, దానివల్ల పిల్లకి ఏం వస్తుందో కనుక్కుందామని అప్పుడు మొదలుపెట్టాను.

ముందు రూలు సంగతి. 2020లో కేంద్ర విద్యాశాఖ స్కూల్ బ్యాగ్ పాలసీ అని ఒకటి తెచ్చింది. అందులో రెండో తరగతి దాకా హోంవర్కు లేదు. తక్కువ ఇవ్వమని కాదు, అసలు లేదు. మూడు నుంచి ఐదో తరగతి దాకా గరిష్ఠంగా రెండు గంటలు, అదీ రోజుకి కాదు, వారానికి. ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకో గంట, తొమ్మిదీ ఆపైన రోజుకి రెండు గంటలు. బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. మా పాప 21 కిలోలు, కాబట్టి బ్యాగు రెండు కిలోల చిల్లర ఉండాలి. మా కింద కిరాణా కొట్లో కాటా మీద పెట్టి చూస్తే నాలుగు కిలోల ఏడు వందలు వచ్చింది, వాటర్ బాటిల్ కాకుండా. కొట్టాయన నవ్వి "కిలో ఎంతకి వేయమంటారమ్మా" అన్నాడు.

ఇదేదో 2020లో హఠాత్తుగా పుట్టిన ఆలోచన కూడా కాదు. 1989లో రచయిత ఆర్.కె.నారాయణ్ రాజ్యసభలో తన మొదటి ప్రసంగం అంతా పిల్లల బ్యాగుల మీదే చేశారు. ఆ తర్వాత ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ వేశారు, 1993లో రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది, ఎందుకంటే భుజం మీది బరువు కంటే అర్థంకాకుండా చదవడమనే బరువే పెద్దదని అందులో తేల్చారు. 2018 మేలో మద్రాసు హైకోర్టు ఒకటీ రెండు తరగతులకి హోంవర్కు వద్దంది. అదే ఏడాది నవంబరులో కేంద్రం రాష్ట్రాలన్నిటికీ ఆదేశం పంపింది, ఆ రెండు తరగతులకి భాష, లెక్కలు తప్ప ఇంకో సబ్జెక్టు పెట్టొద్దని కూడా అందులో ఉంది. ఇప్పుడు మా పాప టైంటేబుల్ చూడండి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఇంగ్లీషు గ్రామర్, మ్యాథ్స్, ఈవీఎస్, జీకే, కంప్యూటర్. ఎనిమిది.

రూలు ఇంత స్పష్టంగా ఉంటే డైరీ ఎందుకు నిండుతోంది? మొదటి కారణం తేలిక. పాలసీ అంటే మార్గదర్శకమే గానీ చట్టం కాదు. పాటించకపోతే అడిగేవాళ్లు లేరు. చట్టం అంటే 2009 విద్యాహక్కు చట్టం. దాని షెడ్యూలులో ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని రాసి ఉంది. భాగిస్తే రోజుకి నాలుగు గంటలు. అది కనీసం అన్న లెక్క, అంతకు మించి చెప్పకూడదని కాదు. కానీ మా పాప పొద్దున 8.45 నుంచి మధ్యాహ్నం 3.45 దాకా స్కూల్లో ఉంటుంది, లంచ్ బ్రేకూ ఇంటర్వెల్లూ తీసేసినా ఆరు గంటలు. ఆరు గంటల్లో పట్టని చదువు ఏమిటి, దాన్ని కూర తాలింపు వేస్తున్న నా దగ్గరికి పంపడమేమిటి అన్నది నా మొదటి అనుమానం.

రెండో కారణం కొంచెం ఇబ్బందికరమైనది, ఎందుకంటే అందులో మనమున్నాం. పేరెంట్స్ మీటింగులో ధైర్యం చేసి అడిగాను, "మేడం, ఇంత రాత ఎందుకండీ" అని. ఆవిడ కోప్పడలేదు. బల్ల సొరుగులోంచి రెండు డైరీలు తీసి చూపించింది. ఒకదాంట్లో ఒక తండ్రి "హోంవర్క్ సరిపోవడం లేదు, దయచేసి పెంచగలరు" అని రాశాడు. ఇంకోదాంట్లో ఒకావిడ పక్క స్కూల్లో ఇదే తరగతికి మూడంకెల కూడికలు అయిపోయాయి, మీరింకా రెండంకెల దగ్గరే ఉన్నారేమని అడిగింది. "మీలాగా వద్దనేవాళ్లు ఏడాదికి ఒక్కరొస్తారండీ, ఇంకా ఇవ్వమనేవాళ్లు వారానికి ముగ్గురొస్తారు" అంది.

నాకు అప్పుడు అర్థమైంది. పిల్ల తరగతిలో ఏం నేర్చుకుందో మనకి కనపడదు. నోట్‌బుక్ కనపడుతుంది. ఏడాదికి అన్ని వేలు కట్టినవాళ్లకి ఎర్ర టిక్కులు పడ్డ నిండు నోట్‌బుక్ ఒక రసీదు లాంటిది. నోట్సు నిండితే ఫీజు గిట్టినట్టు. బొమ్మలు చూపించి కథ చెప్పించుకున్నారు, గింజలతో లెక్కలు చేయించారు అంటే దానికి రసీదు రాదు, "ఆడించి పంపిస్తున్నారు" అనే పేరొస్తుంది. పైగా మనది విజయవాడ. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు, పదయ్యాక హాస్టలు, ఆ పేపర్లలో ర్యాంకుల ఫొటోలు చూస్తూ పెరిగిన ఊరు. ఎప్పుడో పదేళ్ల తర్వాత రాయబోయే పరీక్ష టెన్షన్ జారుకుంటూ జారుకుంటూ రెండో తరగతి దాకా వచ్చేసింది. గుంటూరు లక్ష్మీపురంలో ఉండే మా చెల్లెలు వాళ్లింట్లో ఇంకా నయం, వాళ్లబ్బాయి యూకేజీ, వాడికి యూనిట్ టెస్టుకి సిలబస్ షీటు వచ్చింది.

సరే, స్కూలు ఉద్దేశం ఏదైనా, రాస్తే పిల్లకి మేలే కదా అనొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అమెరికాలో హారిస్ కూపర్ అనే ఆయన హోంవర్కు మీద జరిగిన పరిశోధనలన్నీ దశాబ్దాల పాటు పోగేసి చూశారు. పెద్ద తరగతుల్లో హోంవర్కు చేసే పిల్లలకీ మార్కులకీ సంబంధం బాగానే కనిపించింది, చిన్న తరగతుల్లో మాత్రం ఆ సంబంధం చాలా బలహీనం. అక్కడ టీచర్ల సంఘాలూ పేరెంట్స్ సంఘాలూ చెప్పే ఒక మోటు లెక్క ఉంది, తరగతికి పది నిమిషాలు. అంటే రెండో తరగతికి ఇరవై. హోంవర్కు ఉండాలి అనేవాళ్ల లెక్కే ఇరవై నిమిషాలు, మాది గంటా యాభై.

చిన్న తరగతుల్లో ఎందుకు పనిచేయదో ఇంట్లో చూస్తే తెలిసిపోతుంది. ఏడేళ్ల పిల్ల ఒంటరిగా కూర్చుని తన తప్పు తాను పట్టుకోలేదు. పక్కన ఎవరో ఉండాలి. అంటే ఆ హోంవర్కు పిల్లది కాదు, పక్కన కూర్చున్న మనిషిది. మా పైవాటాలో ఉండే అమ్మాయి బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పనిచేస్తుంది, ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. వాళ్ల బాబుకి చూచిరాత బాగోలేదని రిమార్కు వచ్చిందంటే అది ఎవరికి వచ్చిన రిమార్కు? అందుకే వీధికో ట్యూషన్ అక్క. వాడు ఐదున్నరకి అక్కడికి వెళ్లి ఏడున్నరకి వస్తాడు, అక్క బోర్డు మీద రాస్తుంది, పదిమంది దించుకుంటారు. ప్రాజెక్టుల గురించి చెప్పనక్కర్లేదు, ఆ థర్మోకోల్ ఇళ్లన్నీ కట్టింది నాన్నలే.

చేతి సంగతి కూడా ఉంది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి, చివరిది ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య. వేళ్ల కండరాల అదుపు కూడా ఇంకా కుదురుకుంటున్న వయసు ఇది. మూడో పేజీకి అక్షరాలు కాకికాళ్లూ పిచ్చుకకాళ్లూ అవడం బద్ధకం కాదు, చెయ్యి అలిసిపోవడం. మనం దానికి కూడా "చెరిపి మళ్లీ రాయి" అంటున్నాం.

ఇక అసలు విషయం, చదవడం. దీని మీదే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరం రాత మీద కూర్చుని దీన్ని వదిలేశాం.

మా పాప ఇంగ్లీషు పుస్తకం గడగడా చదువుతుంది. ఒకరోజు చదువుతుంటే గమనించాను, పుస్తకం తెరిచిన పేజీ వేరు, తను చదువుతున్న పాఠం వేరు. పేజీలో ఏనుగు బొమ్మ ఉంది, నోట్లో ఆవు పాఠం నడుస్తోంది. మొత్తం బట్టీ. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా" అంటే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని అక్కడిదాకా వస్తే తప్ప చెప్పలేదు. తెలుగు అయినా వచ్చుగదా అనుకున్నాను. వన్‌టౌన్‌లో ఆటోలో వెళ్తూ బోర్డు చూపించి చదవమన్నాను. "కా... ళే..." అని ఆగింది. కాళేశ్వరరావు మార్కెట్. ‘శ్వ’ దగ్గర బండి ఆగిపోయింది. ఆ నెలలోనే తెలుగు నోట్సులో దానికి పదికి పది.

ఇది పిల్ల తప్పు కాదు, అసలు మన లిపి నేర్చుకోవడానికే టైం పడుతుంది. ఇంగ్లీషులో చిన్నక్షరాలూ పెద్దక్షరాలూ కలిపి 52 ఆకారాలు. తెలుగులో ఒక్కో హల్లుకీ డజను పైగా గుణింతాలు వేసుకుంటే నాలుగైదు వందల ఆకారాలు, ఆ పైన ఒత్తులు, సంయుక్తాక్షరాలు. మన లిపికి అక్కచెల్లెలు లాంటి కన్నడంలో పిల్లల మీద పరిశోధన చేస్తే, అక్షరాలన్నీ పట్టుబడటానికి మూడో తరగతి, నాలుగో తరగతి దాకా పడుతోందని తేలింది. మరోపక్క లాభం ఏమిటంటే తెలుగులో రాసినదే పలుకుతాం, ఒక్కసారి ముడి విప్పితే ఏ మాటైనా చదివేయొచ్చు. ఆ ముడి విప్పడానికి కావాల్సింది కొత్త మాటలు చదవడం. తెలిసిన పేరానే పదిసార్లు దించడం వల్ల అది రాదు, చూచిరాతలో పిల్ల చదవట్లేదు, గీతలు గీస్తోంది. నమ్మకం లేకపోతే మీ పిల్ల చూచిరాత రాస్తున్నప్పుడు మధ్యలో ఆపి ఇప్పుడు రాసిన వాక్యం ఏంటని అడగండి.

ఈ వయసుకి ఏం రావాలన్నది కూడా గాల్లో ఉన్న సంగతేం కాదు. 2021 జూలైలో కేంద్రం నిపుణ్ భారత్ అని, చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కార్యక్రమం మొదలుపెట్టింది. రెండో తరగతి ముగిసేసరికి పిల్ల తెలియని పాఠం నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థమయ్యేలా చదవాలి, 999 దాకా అంకెలు చదివి రాయాలి. మూడో తరగతికి నిమిషానికి 60 మాటలు, 9999 దాకా అంకెలు. అంతే. హిందీ పేజీలూ కంప్యూటర్ భాగాల పేర్లూ అందులో లేవు. ఒక్క జాగ్రత్త. మాటల లెక్క తెలుగుకి యథాతథంగా వేసుకోకండి. ఇంగ్లీషులో ‘ఐ వాంట్ టు గో’ నాలుగు మాటలు, తెలుగులో ‘వెళ్లాలనుకుంటున్నాను’ ఒక్కటే మాట. దాన్ని కూడబలుక్కుని చదివేలోపు ఆ పిల్ల ఇంగ్లీషు వాక్యం ముగించేస్తుంది. అందుకే 2022లో జాతీయ స్థాయిలో మూడో తరగతి పిల్లల్ని పరీక్షించినప్పుడు ఒక్కో భాషకి వేరే కొలత పెట్టారు. స్టాప్‌వాచ్ పట్టుకుని పిల్లని పరుగెత్తించే అమ్మలు ఇది గుర్తుపెట్టుకోవాలి, మనలో ఆ రకం వాళ్లు కూడా తక్కువేం లేరు.

లెక్కల్లో కథ ఇంకోరకం. 52 లోంచి 38 తీసేయమంటే మా పాప 26 అని రాసింది. పది లెక్కల్లో ఆరు ఇలాగే. ఎర్ర ఇంటూ మార్కు పడింది, పక్కన "కరెక్షన్ 5 టైమ్స్". నేను కూడా మొదట అజాగ్రత్త అనుకున్నాను. నిజానికి ఆరింటిలోనూ తప్పు ఒకటే. 2 లోంచి 8 పోదు కాబట్టి 8 లోంచి 2 తీసేసి 6 వేసింది, 5 లోంచి 3 తీసేసి 2 వేసింది. దాని బుర్రలో ఒక రూలుంది, ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి’ అని, దాన్ని శ్రద్ధగా పాటించింది. ఆ రూలుతోనే ఇంకో పది లెక్కలు ఇంటికిస్తే తప్పుని పదిసార్లు ప్రాక్టీసు చేస్తుంది, బాగా గట్టిపడుతుంది. సరైన జవాబు ఐదుసార్లు దించినా ఆ రూలు పోదు. పోవాలంటే పదులూ ఒకట్లూ చేత్తో పట్టుకోవాలి. చీపురుపుల్లలు పది పది చొప్పున రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు పెట్టాను. 38 ఇవ్వమన్నాను. మూడు కట్టలిచ్చింది, రెండు పుల్లలిచ్చింది, ఇంకో ఆరు కావాలి, కట్ట వంక చూసి "విప్పనా" అంది. ఆ "విప్పనా" అన్నదే అప్పు తెచ్చుకోవడం. పావుగంట పట్టింది, నోట్సులో ఏమీ పడలేదు.

ఇంకోటి, రైతుబజారులో టమాటాలు 40, బెండకాయలు 35 అయితే వందనోటుకి ఎంత తిరిగిస్తాడు అని అడిగితే పాప నన్ను ఎదురడిగిన ప్రశ్న "ప్లస్సా, మైనస్సా?" గుర్తు ముందే ఇచ్చేస్తే ఎవరైనా చేస్తారు. గుర్తు ఏదో తేల్చుకోవడమే లెక్క.

మా వదిన గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు. ఇదంతా ఫోన్లో వెళ్లబోసుకుంటే ఆవిడ నవ్వింది. "నీకు డైరీ నిండిపోయిందని బాధ వదినా, నా దగ్గర డైరీ చూసే దిక్కు లేని పిల్లలు సగం. మిరపకోతలకి పోయిన తల్లి ఏం చూస్తుంది?" అంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. అంటే ఐదు తరగతులకి ఇద్దరు. ఒక తరగతికి చెబుతుంటే ఇంకో తరగతి పలకల మీద ఏదో రాస్తూ కూర్చోవాలి. అక్కడ ఇబ్బంది హోంవర్కు ఎక్కువై కాదు, మనిషి తక్కువై. కానీ ఆవిడ చేసే ఒక పని నేను దొంగిలించాను. పిల్లలకి ఇంటికి రాత ఇవ్వదు, ఒక ప్రశ్న ఇస్తుంది. మీ నాయనమ్మ చిన్నప్పుడు ఏం ఆట ఆడేదో కనుక్కురా, మీ ఇంట్లో తలుపులెన్ని కిటికీలెన్ని ఏవి ఎక్కువ, ఇలాంటివి. పొద్దున్నే ఒక్కొక్కరూ చెబుతారు, ఆవిడ ఆ మాటల్లో నాలుగు బోర్డు మీద రాసి అవే చదివిస్తుంది. చదువురాని తల్లి కూడా ఆ హోంవర్కుకి సాయం చేయగలదు. బ్యాగ్ పాలసీలో కూడా, చూస్తే, దాదాపు ఇదే ఉంది. రెండో తరగతి దాకా ఇంటి రాతకి బదులు, సాయంత్రం ఏం ఆడారు, ఏం తిన్నారు అన్నది తరగతిలో చెప్పించమంది. హోంవర్కు వద్దంటే ఇంట్లో ఏమీ చేయొద్దని అర్థం కాదన్నమాట. నేనైతే ఆ ముక్క చదివేదాకా అలాగే అనుకున్నాను.

స్కూలు మారుద్దామా అని మా ఆయన అన్నారు గానీ మారినా డైరీ మారదు, ఆటో ఛార్జీ మారుతుంది. అందుకని జనవరి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. గడియారం చూసి ఇరవై ఐదు నిమిషాలు. ముందు చదవడం, పది నిమిషాలు, స్కూలు పుస్తకం కానిది ఏదైనా. జనవరిలో బుక్ ఫెస్టివల్‌లో కొన్న బొమ్మల కథలు కొన్ని, లేకపోతే పేపర్లో పెద్దక్షరాల హెడ్డింగులు. నేను ఒక వాక్యం, తను ఒక వాక్యం. తర్వాత లెక్కల్లో మూడు, ఎలా చేశావో నోటితో చెప్పాలి. మిగతా టైంలో రాత ఎంత అయితే అంత. టైం అయిపోగానే డైరీలో "25 ని. పట్టింది, ఇక్కడితో ఆపాం" అని రాసి సంతకం పెడతాను. మొదటివారం పాప ఏడ్చింది, హోంవర్కు పూర్తి కాకపోతే నిలబెడతారని. దాని భయం దానిది. నేను వెళ్లి మేడంతో మాట్లాడాను, చెయ్యనందుకు పిల్లని అనకండి, అడగాల్సింది నన్నే అడగండి అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి "టైం రాసి పంపండి, అది చాలు, పైవాళ్లకి చూపించడానికి నాకూ పనికొస్తుంది" అంది. నోట్‌బుక్ రసీదు అయినప్పుడు, నా సంతకం కూడా ఒక రసీదే కదా.

జూన్ 12న బడి తెరిస్తే మూడో తరగతి. వారానికి రెండు గంటలంటే ఆరు రోజులకి ఇరవయ్యేసి నిమిషాలు, ఇప్పుడు మేం పెట్టుకున్నదానికంటే తక్కువే. ఇంగ్లీషు మేడం ప్రశ్నలూ జవాబులూ ఒక్కసారే రాయిస్తోంది ఇప్పుడు, మా పాప ఒక్కదానికే కాదు, సెక్షన్ మొత్తానికి. హిందీ మేడం మాత్రం తగ్గించలేదు. ఆ పేజీ సగమే వెళ్తోంది, ఇదివరకట్లా నా ఎడమచెయ్యి సాయం లేకుండా.